ఉల్లిపాయల బజారులో రొయ్యల ల్యాబు

పెళ్ళయి తాడేపల్లిగూడెం వెళ్ళేనాటికి నాకు చేతనైన పని ఒక్కటే, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేయడం. ఆ పని ఆకివీడులో నేర్చుకున్నాను. మాది ఏలూరు. నాన్నగారు చర్చి వాళ్ళ బళ్ళో టీచరు. నేను మైక్రోబయాలజీ చదివాక ఆసుపత్రి ల్యాబుల్లో పని దొరుకుతుందని ఇంట్లో అనుకున్నారు. దొరకలేదు. కాలేజీలో నా సీనియరొకామె ఆకివీడులో రొయ్యల ల్యాబులు చాలా ఉన్నాయనీ, మనుషులు కావాలని అక్కడ ఎప్పుడూ అడుగుతుంటారనీ చెప్పింది. మర్నాడు కైకలూరు మీదుగా వెళ్ళే బస్సెక్కి ఆకివీడులో దిగాను. సాయంత్రానికి ఉద్యోగం వచ్చింది.

నేను చేరిన వీధిలో అప్పటికే ఆరు ల్యాబులున్నాయి. వాటి మధ్య మేత కొట్లు, మందుల కొట్లు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు బాగుచేసే షెడ్లు, వలల దుకాణాలు, చేపల లారీలు మాట్లాడిపెట్టే ఆఫీసులు ఉండేవి. ఐసు ఫ్యాక్టరీ వీధి చివర ఉండేది. తెల్లారేసరికి రైతులు మోటారు సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. హ్యాండిలుకి ఓ పక్క నీళ్ళ సీసా, మరో పక్క పాలిథిన్ కవరులో బతికున్న నాలుగైదు రొయ్యలు వేలాడుతుండేవి. మేం ఆ నీళ్ళలో ఉప్పు శాతం, అమ్మోనియా, బ్యాక్టీరియా చూసి కాగితం మీద రాసిచ్చేవాళ్ళం. రైతు ఆ కాగితం పట్టుకుని పక్క కొట్టుకెళ్ళి మందు కొనుక్కునేవాడు.

మా ల్యాబు యజమానిని సార్ అనేదాన్ని. యాభై దాటిన మనిషి, పూర్వం రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలో పని చేశారు. ప్లేటులో పచ్చ చుక్కల్లా పెరిగే బ్యాక్టీరియాని ఎలా లెక్కపెట్టాలో, రొయ్య పేగు రంగు చూసి ఏం తెలుసుకోవచ్చో ఆయనే నేర్పారు. ఆయనకో అలవాటుండేది. రైతు రాగానే అతని చెరువు సంగతి అడిగేవారు కాదు. "మీ పక్క చెరువు ఎలా ఉందండీ? ఎగువ వాళ్ళెవరైనా ఈ వారం రొయ్యలు పట్టేశారా?" అని మొదలుపెట్టేవారు. పది గంటలకు టీ కొట్టు దగ్గరకెళ్ళి మిగతా ల్యాబుల వాళ్ళతో అరగంట నిలబడేవారు. పనెగ్గొట్టి కబుర్లు చెప్పుకుంటున్నారని నేను లోపల విసుక్కునేదాన్ని. ఆ అరగంటలో వచ్చిన సీసాలన్నీ నేనే చూసుకోవాల్సి వచ్చేది.

నాలుగేళ్ళు పనిచేశాను. తర్వాత పెళ్ళి. మా ఆయన తాడేపల్లిగూడెంలో జూనియర్ కాలేజీ లెక్చరరు. లెక్కలు చెప్తారు. అక్కడ ఏం చేయాలని ఇద్దరం ఆలోచించాం. గణపవరం వైపు, నిడమర్రు వైపు రొయ్యల చెరువులు పెరుగుతున్నాయి. ఆ రైతులు పరీక్షల కోసం ఆకివీడో భీమవరమో వెళ్తున్నారు.

"ఊళ్ళో ఒక్క ల్యాబు కూడా లేదు కదా. మనం పెడితే పోటీ ఎవరూ ఉండరు. చుట్టుపక్కల వాళ్ళంతా మన దగ్గరికే వస్తారు" అన్నారు మా ఆయన.

నాకూ అదే సబబుగా తోచింది. ఆరు ల్యాబులున్న వీధిలో ఏడోది పెట్టడం తెలివితక్కువ పనిలా కనిపించింది.

ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర ఒక మేడ మీద రెండు గదులు దొరికాయి. కింద ఇంటి యజమాని గోడౌను. ఆయన ఉల్లిపాయల కమిషను వ్యాపారి. నేను మైక్రోస్కోపు, ఇంక్యుబేటరు, ఆటోక్లేవు తెచ్చుకుని బోర్డు పెట్టాను. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. సార్‌కి ఫోను చేసి చెప్తే, "మంచిదమ్మా, ఏదైనా కావాలంటే ఫోన్ చెయ్యి" అన్నారు.

మొదటి నెల కొంతమంది వచ్చారు. నిడమర్రు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాట నాకింకా గుర్తుంది. సీసా ఇచ్చి, కుర్చీలో కూర్చుని, కాగితం వచ్చాక శ్రద్ధగా చదువుకున్నారు.

"చాలా బాగా చేశారండి. ఇప్పుడీ మందు ఈ ఊళ్ళో ఎక్కడ దొరుకుద్దండి?"

"ఇక్కడ దొరకదండీ. ఆకివీడులో దొరుకుతుంది."

"ఎలాగూ మేతకి కూడా అక్కడికే ఎల్లాలండి. ఏరేటరు ఫ్యానొకటి ఇరిగింది, అదీ అక్కడే" అని ఆగి, నా మొహం చూసి, "ఏమనుకోకండి. ఈసారి నుంచి నీళ్ళు కూడా అక్కడే చూపించేసుకుంటానండి. ఒకే దారి కదా" అన్నారు.

నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అలాగే చేసేదాన్ని. రైతు ఇల్లు కదిలి ఒక రోజు పోగొట్టుకుంటే, ఆ రోజులో అయిదు పనులు పూర్తవ్వాలి. నా దగ్గర ఒకటే అవుతుంది.

తర్వాత ఇంక్యుబేటరు చెడిపోయింది. వేడి ఒకచోట నిలవడం లేదు. ఊళ్ళో ఫ్రిజ్‌లు బాగుచేసే ఆయన్ని పిలిచాను. ఆయన వెనక మూత విప్పి, చాలాసేపు చూసి, "ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదండీ" అని మళ్ళీ మూత బిగించి వెళ్ళిపోయారు. ఆకివీడుకి ప్రతి గురువారం విజయవాడ నుంచి మెకానిక్కు వచ్చేవాడు. ఒక్క వీధిలో అన్ని మిషన్లు ఉంటాయి కాబట్టి అతనికి గిట్టుబాటయ్యేది. నా ఒక్కదాని కోసం తాడేపల్లిగూడెం రమ్మంటే, "ఆకివీడు పట్టుకొచ్చేయండి మేడమ్, అక్కడ చూసేస్తాను" అన్నాడు. ఇంక్యుబేటరుని ఆటోలో పడుకోబెట్టి ఆకివీడు తీసుకెళ్ళాను. సాయానికి ఒక అమ్మాయిని పెట్టుకుందామంటే పని తెలిసినవాళ్ళెవరూ రాలేదు. ఆకివీడులో అయితే ఈ ల్యాబులో కుదరకపోతే పక్క ల్యాబులో చేరొచ్చు. గూడెంలో నా దగ్గర మానేస్తే ఆ పిల్లకి మళ్ళీ ఇంటి దారే.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ల్యాబు మూసేయడానికి కారణం వేరే జరిగింది.

గణపవరం దిగువన రెండు చెరువులు చేసే రైతు ఒకాయన మొదటి నుంచీ నా దగ్గరకే వచ్చేవారు. నలభై ఏళ్ళుంటాయి. భార్యాభర్తలిద్దరూ గట్టు మీద షెడ్డులోనే కాపురం. నేను చెప్పింది అక్షరం పొల్లుపోకుండా చేసేవారు. ఒకరోజు ఆయన తెచ్చిన నీళ్ళలో అమ్మోనియా ఎక్కువగా ఉంది. రొయ్య చూస్తే శుభ్రంగా ఉంది, పేగు నిండుగా ఉంది, గుల్ల గట్టిగా ఉంది. పుస్తకం ప్రకారం చేయాల్సింది కొంత నీరు తీసి కొత్త నీరు పెట్టడం. అదే చెప్పాను. ఆయన ఇంటికెళ్ళి పక్కనున్న డ్రెయిను కాలవ నుంచి నీళ్ళు తోడారు.

నాలుగో రోజు పొద్దున్నే ఫోను వచ్చింది.

"మేడమ్‌గారూ, రొయ్యలు గట్టుకొచ్చేత్తన్నాయండి."

రొయ్య గట్టుకి చేరడమంటే ఏమిటో నాకు తెలుసు. మా ఆయన స్కూటరు మీద దింపారు. గట్టు పొడుగునా రొయ్యలు నీరసంగా పాకుతున్నాయి, కొన్ని అప్పటికే ఎర్రబడి పక్కకి ఒరిగిపోయాయి. ఒకటి తీసి తల మీది గుల్ల వెలుతురుకి పెట్టి చూశాను. తెల్ల మచ్చలు, చెరువు మొత్తాన్ని రోజుల్లో తుడిచిపెట్టే వైరస్ గుర్తు. రైతు భార్య నీళ్ళ కుండీ అంచు మీద కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు.

అక్కడి నుంచే సార్‌కి ఫోను చేశాను. ఏ కాలవ నీళ్ళని ఆయన అడిగారు. చెప్పాను.

"అయ్యో, ఆ డ్రెయిను నీళ్ళు పెట్టించావా? ఎగువన రెండు చెరువులు వైట్ స్పాట్‌తో పోయాయమ్మా. ఆ నీళ్ళు రాత్రికి రాత్రి డ్రెయిన్లోకి వదిలేశారు. వారం నుంచి ఇక్కడ ఎవరికీ నీళ్ళు మార్చమని చెప్పడం లేదు మేం. ఆరు ల్యాబులూ అదే మాట మీద ఉన్నాం."

"నాకు తెలీదు సార్."

"నీకెలా తెలుస్తుందిలే" అన్నారు. ఓదార్పుగానే అన్నారు.

నేను పరీక్షలో తప్పు చేయలేదు. నా అంకెలన్నీ సరైనవే. ఎగువన ఏం జరిగిందన్నది ఆ సీసా నీళ్ళలో లేదు. అది టీ కొట్టు దగ్గర ఉంది. సార్ రోజూ అరగంట నిలబడి తెచ్చుకునేది ఆ సమాచారమేనని గట్టు మీద నిలబడ్డప్పుడు నాకర్థమైంది. రైతుకి నా సలహాలో తప్పు దాచకుండా చెప్పాను. ఆకివీడు వెళ్ళుంటే నీళ్ళు మార్చమనేవాళ్ళు కాదని కూడా చెప్పాను.

"మీరేం చేత్తారండి. నేను తెచ్చిన సీసాలో ఉన్నదే కదా మీరు చూసేది" అన్నారు. తర్వాత నాకు టీ ఇవ్వమని భార్యకి చెప్పారు. ఆవిడ లేచి వెళ్ళి పెట్టుకొచ్చింది. ఆ టీ తాగడం నాకు చాలా కష్టమైంది.

ఆ నెలాఖరుకి గదులు ఖాళీ చేస్తానని ఇంటి యజమానికి చెప్పడానికి కిందకెళ్ళాను. ఆయన గోనెసంచుల మీద కూర్చుని ఫోన్లో ధర మాట్లాడుతున్నారు. బయట కర్నూలు లారీ ఒకటి దించుతున్నారు, దాని వెనకే మహారాష్ట్ర లారీ ఆగి ఉంది. ఆయన మాట్లాడటం అయ్యాక విషయం చెప్పి, ఎప్పటి నుంచో అడగాలనుకున్నది అడిగాను.

"ఏవండీ, ఈ చుట్టుపక్కల ఎక్కడా ఉల్లిపాయ పండదు కదా. ఈ మార్కెట్టు ఇక్కడెందుకుందండీ?"

ఆయన ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న అడగనట్టు చూశారు.

"మొదట రైలుందనో, రోడ్డుందనో ఎవరో ఇద్దరు ముగ్గురు పెట్టుంటారండి. మా తాతల నాటి మాట. ఇప్పుడదేం కాదు. కర్నూలు రైతు లారీ ఎక్కించాడంటే, ఇక్కడైతే పాతికమంది కొనేవాళ్ళుంటారు, నేను కాదంటే పక్కాయన కొంటాడని ధైర్యం. ఒరిస్సా నుంచి వచ్చే వ్యాపారికి, ఇక్కడైతే ఏ రకం కావాలన్నా దొరుకుద్దని ధైర్యం. వాళ్ళిద్దరూ వత్తారు కాబట్టి మేం ఇక్కడుంటాం. మేం ఉంటాం కాబట్టి వాళ్ళొత్తారు. నేనొక్కణ్ణే పోయి చింతలపూడిలో కొట్టు పెడితే నా మొహం ఎవరు చూత్తారండి?" అని నవ్వి, కొంచెం ఆలోచించి, "మీరేమో ఉల్లిపాయల బజారులో రొయ్యల ల్యాబు పెట్టారు. ఆ రోజే చెబుదామనుకున్నానండి. ఆడకూతురు ముచ్చటపడి పెట్టుకుంటుంటే ఎందుకులే అని ఊరుకున్నాను" అన్నారు.

ఆయన చెప్పినదాంట్లో నాకు తెలియనిది పెద్దగా లేదు. అయినా అది వేరే సరుకు గురించి, వేరే మనిషి నోట వినడం వల్ల తేలిగ్గా బోధపడింది.

ఆకివీడు వెళ్ళి సార్‌ని కలిశాను. మళ్ళీ ఉద్యోగంలో చేరతానని అడగడానికే వెళ్ళాను. ఆయన దగ్గర ఖాళీ లేదు.

"సొంతంగానే పెట్టుకోమ్మా. మిషన్లున్నాయి కదా. ఎదురు వరసలో వలల కొట్టు ఆయన ఖాళీ చేస్తున్నాడు" అన్నారు.

"మీ ఎదురుగానా సార్? మీకు ఇబ్బంది కాదా?"

"కొంత అవుతుంది" అన్నారు దాపరికం లేకుండా. "నా దగ్గరకొచ్చే వాళ్ళలో కొందరు నీ దగ్గరకొస్తారు. కానీ రొయ్యల పట్టుబడి రోజుల్లో సీసాలు పేరుకుపోయి, జనం ఎదురుచూడలేక భీమవరం పోతున్నారు. అలా పోయినవాడు మేత కూడా అక్కడే కొంటున్నాడు. మరి మనకెలాగ? వీధిలోకి మనిషి రావడం ముఖ్యమమ్మా. వచ్చాక ఏ మెట్టెక్కుతాడో వాడిష్టం."

అలా ఏడో ల్యాబు నాదైంది. మా ఆయన భీమవరం కాలేజీలో చేరారు. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని ఉండిలో ఇల్లు తీసుకున్నాం. మొదటి వారం నుంచే సీసాలు వచ్చాయి. ఒకరోజు బ్యాక్టీరియా పెంచే ప్లేట్లలో పోసే అగర్ పొడి అయిపోతే సార్ దగ్గర అప్పుగా తెచ్చుకున్నాను. ఆయన మిషను ఆగిపోయినప్పుడు ఆయన రైతుల నమూనాలు నేను చేసిపెట్టాను. పది గంటలకు టీ కొట్టు దగ్గరకి వెళ్ళడం మొదట్లో మొహమాటంగా ఉండేది, అందరూ మగవాళ్ళే. సార్ నాకో కుర్చీ వేయించారు. ఆ తర్వాత ఏ రోజూ మానలేదు. ఏ కాలవలో ఏం వస్తోంది, ఏ హేచరీ పిల్ల బాగాలేదు, ఏ మందు పేరు మార్చి అమ్ముతున్నారు, అన్నీ అక్కడే తెలిసేవి. వ్యాపారంలో దాచుకునేవి దాచుకునేవాళ్ళం. జబ్బు సంగతి మాత్రం ఎవరూ దాచేవాళ్ళు కాదు.

అందరూ ఒకచోట ఉండటంలో కష్టం కూడా ఉంది. అది ఆలస్యంగా చూశాను. పై దేశాలు మన రొయ్య మీద సుంకం పెంచినప్పుడు కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు, రైతులు సగం చెరువులు ఎండగట్టారు. ఏలూరులో అయితే ఒక వ్యాపారం పడుకుంటే పక్కది నడుస్తుంది. మా వీధిలో ఒకేసారి మేత కొట్టు, మందుల కొట్టు, ఫ్యాన్ల షెడ్డు, ల్యాబులు, ఐసు, చివరికి టిఫిన్ బండి కూడా డల్ అయిపోయాయి. కొత్తగా మేడలు మొదలుపెట్టినవాళ్ళు పిల్లర్ల దగ్గర ఆపేశారు. అప్పటికి పదకొండు ల్యాబులయ్యాం. ఆ ఏడు నాలుగు మూతబడ్డాయి. వాటిలో సార్‌ది ఒకటి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు కూడా ఎక్కువయ్యాయి. వైరస్‌ని పట్టిచ్చే పీసీఆర్ మిషను నాకూ, పక్క ల్యాబు ఆయనకీ కలిపి ఇచ్చేసి ఏలూరు వెళ్ళిపోయారు. ఒక్కొక్కరం విడిగా కొనలేం కాబట్టి ఇద్దరం కలిసి వాడుకుంటున్నాం. అది పక్క ల్యాబులో ఉంటుంది, నమూనాలు నేను మోసుకెళ్తాను. సార్ లేని టీ కొట్టుకి అలవాటు పడటానికి కొన్ని వారాలు పట్టింది.

ఉండి నుంచి రోజూ బస్సులో వచ్చేటప్పుడు చూస్తుంటాను. నేను కొత్తగా వచ్చినప్పుడు రోడ్డుకి రెండు పక్కలా వరి చేలు ఎక్కువ, చెరువులు తక్కువ. ఇప్పుడు చెరువుల మధ్య అక్కడక్కడ ఒక చేను మిగిలింది. పక్కన ఉప్పునీళ్ళు ఊరుతుంటే ఆ చేలో వరి పసుపుపచ్చగా నిలబడుతుంది. ఒకటి రెండేళ్ళు చూసి ఆ రైతు కూడా చెరువు తవ్వించేస్తాడు. మనసు మారి తవ్వించినవాళ్ళకంటే చుట్టుపక్కల వాళ్ళు తవ్వించేశారు కాబట్టి తవ్వించినవాళ్ళే ఎక్కువ. నాట్లకెళ్ళే ఆడవాళ్ళు ఇప్పుడు రొయ్యల తలలు తీసే షెడ్లకి వెళ్తున్నారు. వ్యాను ఇంటి దగ్గరికే వచ్చి ఎక్కించుకుంటుంది. ఈ మార్పుల్లో మా ల్యాబుల చెయ్యి కూడా ఉంది. ఆ సంగతి ఎవరైనా అడిగితే ఒప్పుకుంటాను.

పోయిన వేసవిలో ఒకావిడ సీసా పట్టుకుని వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. రైతులతో పాటు వరసలో నిలబడింది. చెరువు పేరు చెప్పమంటే, "చెరువు కాదండి. మా పేటలో బోరింగు నీళ్ళండి. తాగొచ్చో లేదో చూత్తారేమోనని" అంది.

"ఇది రొయ్యల ల్యాబండీ. తాగే నీళ్ళ పరీక్ష వేరే ఉంటుంది."

"నీళ్ళు నీళ్ళే కదండి. మీరు చూడగలిగింది చూసి చెప్పండి."

చూశాను. ఉప్పు చాలా ఎక్కువగా ఉంది, అమ్మోనియా కూడా ఉంది. తాగడానికి పనికిరావని చెప్పాను. ఎప్పటి నుంచి తాగుతున్నారని అడిగితే, కొనుక్కోలేని రోజుల్లో తాగుతున్నామంది. కాగితం మడతపెడుతూ, "రొయ్యలకైతే పనికొత్తాయాండి?" అని అడిగింది. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

పనికొస్తాయని చెప్పాను.

డబ్బు తీసుకోలేదు. ఆ సాయంత్రం పక్క ల్యాబు ఆయన్నీ, మరో ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఆ పేటకి వెళ్ళాను. ఏడు బోరింగులుంటే ఏడింటి నీళ్ళూ పట్టాం. ఒకే ఒక్కటి, చర్చి వెనకది, కాస్త నయంగా ఉంది. నలుగురం సంతకాలు పెట్టి పంచాయతీకి కాగితం ఇచ్చాం. ఒక ల్యాబు కాగితమైతే పక్కన పడేసేవాళ్ళేమో. నాలుగు ల్యాబులు ఒకే మాట రాసేసరికి సెక్రటరీగారు కూర్చోబెట్టి మాట్లాడారు. రెండు నెలలకి ఆ పేటకి రోజు విడిచి రోజు ట్యాంకరు రావడం మొదలైంది. ఫిల్టరు ప్లాంటుకి షెడ్డు వేశారు, మిషను ఇంకా రాలేదు. ఈలోగా చర్చి వెనక బోరింగు దగ్గర వంతులు పెట్టుకుని నీళ్ళు పట్టుకుంటున్నారు. నెలకోసారి ఆ నీళ్ళు నేనే తెచ్చి చూస్తున్నాను. పోయిన నెలకంటే ఈ నెల ఉప్పు కొంచెం పెరిగింది.